కొత్త ఇంట్లో రైలుకు ఒక గది



కొత్త ఇల్లు కట్టుకునేటప్పుడు మేస్త్రీ ముగ్గుపిండితో నేలమీద గీతలు గీస్తాడు. చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడతారు. ఆగ్నేయంలో వంటిల్లు, ఈశాన్యంలో దేవుడి గది అంటారు పెద్దవాళ్ళు. పడక గది, పిల్లల చదువుకు ఒక గది, వచ్చేపోయే చుట్టాలకు ఒక గది, ఇలా లెక్క సాగుతుంది. అన్నీ అయ్యాక ఇంటి యజమాని కాస్త మొహమాటపడుతూ, "ఆ వెనకవైపు గది మాత్రం నా బొమ్మ రైలుకు వదలండి" అన్నాడనుకోండి. ఇంట్లోవాళ్ళు ఏమంటారో మీరు ఊహించగలరు. "రైలు చూడాలని ఉంటే స్టేషనుకు వెళ్ళిరాకూడదా?" అంటారు.

ఆ మాటలో తప్పేమీ లేదు. కాని వెళ్ళి చూద్దామంటే ఆ రైలు ఇప్పుడు లేకపోతే? బళ్ళారి మీదుగా హుబ్లీకి పోయిన మీటర్ గేజు రైలును, పర్లాకిమిడి నౌపడాల మధ్య నడిచిన చిన్న రైలును, మద్రాసులో బీచ్ నుంచి తాంబరం వరకు తిరిగిన మీటర్ గేజు కరెంటు రైలును చూడాలంటే ఈనాడు ఏ స్టేషనుకు వెళ్ళాలి? రైలుకు ఇంట్లో గది ఎందుకు అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. తక్కిన సగం కోసం ఈ సరదా ఎక్కడ పుట్టిందో, గదిదాకా ఎలా వచ్చిందో, గది కట్టుకున్నవాళ్ళు ఏం నేర్చుకున్నారో తెలుసుకోవాలి. ఈనాటి ప్రసంగంలో ఆ చరిత్రను మనవి చేస్తాను.

మనకు బొమ్మల కొలువు తెలుసు. దసరాకో సంక్రాంతికో మెట్లు కట్టి, పాత బొమ్మలన్నీ దించి, ఏటేటా ఒక కొత్త బొమ్మను చేరుస్తాం. కొలువు ఒక్కసారిగా పూర్తయ్యేది కాదు. తల్లి చేతి నుంచి కూతురి చేతికి వస్తూ పెరుగుతుంది. బొమ్మ రైలు చరిత్ర కూడా ఇలాంటి చోటే మొదలైంది.

జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్ళో మార్క్లిన్ అనే రేకు పనివాడు 1859లో ఆడపిల్లల బొమ్మ ఇళ్ళకు కావలసిన చిన్న చిన్న వంటసామాను చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన భార్య కారొలీన్ ఊరూరా తిరిగి ఆ సరుకు అమ్మిపెట్టేది. బొమ్మ ఇంటికి ఒకసారి పొయ్యి కొన్నవాళ్ళు మరుసటి పండుగకు గిన్నెలు కొనేవాళ్ళు. కొడుకుల కాలానికి ఈ కిటుకు రైలుకు పనికివచ్చింది. 1891లో లైప్‌జిగ్ వసంతకాలపు సంతలో ఆ సంస్థవారు తాళంచెవి తిప్పితే నడిచే రైలును, దానికి ఎనిమిది అంకె ఆకారంలో పట్టాలను ప్రదర్శించారు. పట్టాల వెడల్పులకు అంకెలు పెట్టి, ఫలానా అంకె పట్టాలమీద ఫలానా అంకె బండ్లన్నీ నడుస్తాయని ఏర్పాటు చేశారు.

అంతకు ముందు కూడా రేకు రైళ్ళున్నాయి. వాటిని పిల్లలు తాడు కట్టి నేలమీద లాక్కునేవాళ్ళు. ఆట అయ్యాక మూలన పడేసేవాళ్ళు. పట్టాలు వచ్చాక పరిస్థితి మారింది. ఈ ఏడు నాలుగు పట్టాలు, వచ్చే ఏడు ఒక పాయింటు, ఆ పై ఏడు ఒక స్టేషను. రైలు పెరుగుతూ పోయింది. పెరిగేదానికి చోటు కావాలి. రాత్రి భోజనానికి బల్ల వేసేముందు "పట్టాలు తియ్యి నాయనా" అని తల్లి అనడం, తీసిన పట్టాలను మర్నాడు పిల్లవాడు మళ్ళీ కలుపుకోవడం, ఎన్నో ఇళ్ళలో జరిగిన సంగతే. తియ్యనక్కరలేని చోటు కావాలన్న కోరిక అక్కడినుంచే వచ్చింది.

ఇంగ్లండులో నార్తాంప్టన్ పట్టణానికి చెందిన బాసెట్ లోక్ 1899లో తపాలా ద్వారా ఈ సామాను అమ్మే వ్యాపారం పెట్టాడు. 1900లో పారిస్ ప్రదర్శనకు వెళ్ళి జర్మనీ తయారీదార్లను కలుసుకుని, ఇంగ్లండు రైళ్ళ పోలికలో ఇంజన్లు చేయించాడు. పిల్లల బొమ్మ పెద్దవాళ్ళ అభిరుచిగా మారడానికి ఆయన లాంటివారు కారణం. తాము రోజూ ఎక్కే రైలు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉండాలని పెద్దవాళ్ళు కోరారు.

ఈ సందర్భంలో మన దేశపు ముచ్చట ఒకటి చెప్పాలి. గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియాకు రైళ్ళంటే పిచ్చి ప్రేమ. జయవిలాస్ రాజభవనంలో భోజనశాల బల్లమీద ఆయన వెండి రైలు నడిపించాడు. ఆ రైలు పెట్టెల్లో అతిథులకు పానీయాలు, చుట్టలు వచ్చేవి. ఎవరైనా సీసా పైకి తీస్తే రైలు ఆగేది, తిరిగి పెడితే కదిలేది. రాజభవనంలో కొంతభాగం ఇప్పుడు మ్యూజియం. ఆ రైలు అక్కడ ఉంది. ఆయన సరదా బల్లతో ఆగలేదు. 1890లలో తన సంస్థానంలో రెండడుగుల వెడల్పు పట్టాలు వేయించాడు. వాటిలో శ్యోపూర్ వరకు పోయే మార్గం సుమారు 200 కిలోమీటర్లు. 2020 దాకా జనం ఆ రైలెక్కి తిరిగారు.

మహారాజుకు భోజనశాలే రైలు గది. సామాన్యుడి ఇంట్లో సంగతేమిటి? అందుకు రైలే చిన్నదైంది. 1920లో లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ అమ్మిన రైళ్ళ పట్టాల వెడల్పు 32 మిల్లీమీటర్లు. ఆ పరిమాణాన్ని సున్నా అనేవారు. ఆ రైలు తిరగాలంటే పెద్ద హాలు కావాలి. 1935లో జర్మనీ సంస్థలు దానిలో సగం పరిమాణంలో, 16.5 మిల్లీమీటర్ల పట్టాలమీద నడిచే కరెంటు రైళ్ళు తెచ్చాయి. 1938లో హార్న్‌బీ సంస్థ కూడా అదే దారి పట్టింది. సున్నాలో సగం కాబట్టి దీనికి హాఫ్ జీరో అని పేరు, వాడుకలో హెచ్ ఓ అంటారు. అసలు రైలులో 87వ వంతు. ఆ తరువాత 1960లలో 160వ వంతు, 1972లో 220వ వంతు రైళ్ళు కూడా వచ్చాయి.

87వ వంతు అంటే చాలా చిన్నదని మీకు అనిపించవచ్చు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. మన బ్రాడ్ గేజు ప్రయాణికుల పెట్టె నిన్నమొన్నటి దాకా 21 మీటర్ల పైచిలుకు పొడవు. అందులో 87వ వంతు దాదాపు పాతిక సెంటీమీటర్లు. 12 పెట్టెలకు 3 మీటర్లు. ఇంజనుకు మరో 20 సెంటీమీటర్లు. మొత్తం పదిన్నర అడుగులు. పదడుగుల గదిలో ఈ గోడనుంచి ఆ గోడదాకా ఒక్క రైలే సరిపోతుంది. అది కదలడానికి చోటు లేదు. ఇక దూరం సంగతి. అసలు కిలోమీటరు దూరం ఈ కొలతలో పదకొండున్నర మీటర్లు. నౌపడా నుంచి గుణుపురం వరకు ఉన్న 90 కిలోమీటర్ల మార్గాన్ని మొత్తంగా వేయాలంటే మీ ఇంటినుంచి కిలోమీటరు దూరం పట్టాలు పరవాలి.

అంటే ఎంత పెద్ద గది ఉన్నా మొత్తం రైలుమార్గం పట్టదు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబులు వెతికిన ముగ్గురు అమెరికావాళ్ళ గురించి ఇప్పుడు చెబుతాను. అమెరికాలోనే ఎందుకంటే, అక్కడ చాలా ఇళ్ళకు కింద నేలమాళిగ ఉంటుంది. ఇంగ్లండులోవాళ్ళు అటకమీదో పెరటి కొట్టంలోనో సర్దుకుంటే, అమెరికావాళ్ళకు ఇంటి కింద ఒక పెద్ద గది దొరికింది. 1934లో అక్కడ ఈ అభిరుచికే ఒక మాసపత్రిక మొదలైంది. మరుసటి ఏడు జాతీయ సంఘం ఏర్పడింది. ఒకరి తప్పు మరొకరికి పాఠం కావడానికి ఆ పత్రిక ఉపయోగపడింది.

మొదటివాడు న్యూ ఆర్లియన్స్ నగరానికి చెందిన ఫ్రాంక్ ఎల్లిసన్. డెల్టా లైన్స్ అని తన రైలుకు పేరు పెట్టుకున్నాడు. 1940లలో ఆయన రాసిన వ్యాసాల సారాంశం ఏమిటంటే, ఈ గది ఒక నాటకశాల. స్టేషన్లు రంగాలు, రైళ్ళు పాత్రలు, టైంటేబులు నాటకం ప్రతి. సురభివారి నాటకం చూసిన శ్రోతలకు ఇది వెంటనే అర్థమవుతుంది. సురభి వేదికమీద అడవి ఉంటుంది, అంతఃపురం ఉంటుంది. ఆ అడవికి ఎన్ని ఎకరాలని ఎవరూ అడగరు. నాలుగు చెట్ల తెర దిగితే చాలు, మనం అడవిలో ఉన్నాం. అలాగే గదిలో రెండు స్టేషన్లు నిజంగా ఉంటే, మధ్య ఉన్న ఇరవై మైళ్ళను చూసేవాడి మనసే పూరించుకుంటుంది. రైలు ఊరికే గుండ్రంగా తిరిగితే పది నిమిషాల్లో విసుగు వస్తుంది. అదే రైలు ఒక ఊరునుంచి బయలుదేరి మరో ఊరు చేరుతూ, మధ్యలో ఎదురు బండికోసం ఆగుతూ, గూడ్సు షెడ్డు దగ్గర ఒక పెట్టెను వదిలి వెళ్తూ ఉంటే చూసినకొద్దీ చూడాలనిపిస్తుంది.

రెండవవాడు జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్. వృత్తిరీత్యా ఇంజనీరు. 1963లో వచ్చిన ఆయన పుస్తకం రైలు గది వేసుకునేవాళ్ళకు పెద్దబాలశిక్ష అయింది. కాగితం తీసుకుని రెండు జాబితాలు రాయమంటాడు ఆయన. మొదటిదానిలో మార్చలేనివి: గది పొడవు, వెడల్పు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ ఎంత ఎత్తులో ఉంది. రెండవదానిలో మన కోరికలు: ఏ కాలం, ఏ మార్గం, ఏ స్టేషను, ఏ రైలు. ముందు మొదటి జాబితా, తరువాతే రెండవది. కొత్తగా ఇల్లు కట్టేవాడికి ఒక అదృష్టం ఏమిటంటే, మొదటి జాబితాలోని కొన్నిటిని ఇంకా మార్చవచ్చు. తలుపు లోపలికి బదులు బయటికి తెరుచుకునేలా పెట్టమని మేస్త్రీకి ఇవాళ చెబితే పైసా ఖర్చు కాదు. గృహప్రవేశం అయ్యాక చెబితే గోడ పగలగొట్టాలి.

తరువాత ఆయన గదిని చదరాలుగా గీయమన్నాడు. రైలు తిరిగే వంపు వ్యాసార్ధానికి, పక్కపక్క పట్టాల మధ్య దూరానికి రెట్టింపు కలిపితే ఎంతో, చదరం భుజం అంత. పొడుగు పెట్టెలున్న రైలు హెచ్ ఓ కొలతలో ముచ్చటగా తిరగాలంటే 30 అంగుళాల వ్యాసార్ధం కావాలి. పట్టాల మధ్య రెండంగుళాల చొప్పున నాలుగు కలిపితే 34 అంగుళాలు. పదడుగులు పన్నెండడుగుల గదిలో అటు మూడున్నర చదరాలు, ఇటు నాలుగు పైచిలుకు వస్తాయి. అంతే. ఇది చూశాక కోరికల జాబితా దానంతట అదే చిన్నదవుతుంది. కలప కోశాక తెలిసే తప్పు కాగితంమీద ముందే తెలిసిపోతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన కొలత ఇంకొకటి ఉంది. అది మనిషి కొలత. తొలినాటివాళ్ళు గది మధ్య పెద్ద బల్ల వేసి, దానిమీద అంతా పట్టాలు పరిచారు. అవతలి మూల రైలు పట్టాలు తప్పితే చెయ్యి అందేది కాదు. మనిషి చెయ్యి తేలిగ్గా చాచగలిగింది రెండున్నర అడుగులు. అంతకంటె వెడల్పు బల్ల వేసినవాళ్ళు చివరికి దానికింద పాకి, మధ్య కన్నంలోంచి తల పైకి పెట్టవలసి వచ్చింది. యౌవనంలో అది సరదాగానే ఉంటుంది. అరవై ఏళ్ళకు మోకాళ్ళు ఒప్పుకోవు. ఆ అనుభవంతో క్రమంగా పట్టాలు గోడల వెంబడికి వెళ్ళాయి, మనిషి గది మధ్యకు వచ్చాడు. నడవడానికి రెండున్నర మూడడుగుల దారి, బల్ల రొమ్ము ఎత్తు, తలుపు దగ్గర పైకి లేచే చిన్న వంతెన. రైలు వెంట మనిషి నడుస్తాడు. గదిని రైలుకోసం అంటున్నాం గాని, కొలతలన్నీ మనిషివే.

మూడవవాడు జాన్ అలెన్. కాలిఫోర్నియాలో ఫొటోగ్రాఫరు. 1946లో చిన్న బల్లమీద రైలు మొదలుపెట్టాడు. 1950లలో మాంటెరే పట్టణంలో తన ఇంటి నేలమాళిగలో అసలైన నిర్మాణం ప్రారంభించి, తొలినాటి చిన్న బల్లను కూడా అందులో ఒక భాగంగా కలుపుకున్నాడు. నేలనుంచి దాదాపు కప్పుదాకా లేచే కొండలు, లోయలు, వంతెనలు. మిత్రులు క్రమం తప్పకుండా వచ్చి, వేగంగా తిరిగే గడియారం పెట్టుకుని, టైంటేబులు ప్రకారం రైళ్ళు నడిపేవారు. ప్రపంచమంతటా ఈ అభిరుచి ఉన్నవాళ్ళు ఆ గది ఫొటోలు చూసి ముక్కున వేలేసుకున్నారు.

1973 జనవరి 6న అలెన్ గుండెపోటుతో చనిపోయాడు. సరిగ్గా పది రోజులకు ఆ ఇంట్లో నిప్పు పుట్టి, ఇరవై ఏళ్ళ శ్రమ బూడిదైంది. మనిషి పోయిన పది రోజులకే గదీ పోయింది.

కాని ఆయన ఫొటోగ్రాఫరు. తీసిన చిత్రాలు, రాసిన వ్యాసాలు బయట మిగిలాయి. వాటి ఆధారంగా 1981లో ఒక పుస్తకం వచ్చింది. ఆ గదిని కళ్ళతో చూడని మూడు తరాలవాళ్ళు ఆయన దగ్గర పాఠం నేర్చుకున్నారంటే ఆ కాగితాల చలవే. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇక మన సంగతి. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు రైలుమార్గంతో ఉన్న బంధం వేరు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, నౌపడా, టెక్కలి, పాతపట్నం ఇటు ఉండిపోయాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది, గుంతకల్లు, ఆదోని, రాయదుర్గం ఇటు ఉన్నాయి. భూమిమీద గీత గీశారు గాని పట్టాలను తెంచలేదు. అటు పిల్లనిచ్చినవాళ్ళు, ఇటు పొలం ఉన్నవాళ్ళు, సంతకు పోయేవాళ్ళు, పుస్తకాల సంచితో కాలేజీకి పోయే పిల్లలు అదే రైలులో తిరిగారు. ఏ పెట్టెలో చూసినా రెండు భాషలు వినిపించేవి.

ఆ రైళ్ళలో కొన్ని ఇప్పుడు లేవు. పర్లాకిమిడి మార్గాన్ని అక్కడి గజపతి రాజులు వేయించారు. రెండున్నర అడుగుల, అంటే 762 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాలమీద 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రైలు నడిచింది. 1931లో గుణుపురం చేరింది. 2004లో చిన్న రైలు ఆగింది. కొన్నేళ్ళకు అదే దారిలో బ్రాడ్ గేజు వచ్చింది. 1992లో మొదలైన యూనిగేజు పథకం కింద దేశమంతటా మీటర్ గేజు పట్టాలు లేచిపోయాయి. గుంతకల్లు, హుబ్లీ మార్గం వాటిలో ఒకటి. మద్రాసు బీచ్, తాంబరం మధ్య 1931నుంచి తిరిగిన మీటర్ గేజు కరెంటు రైలు 2004 జూలైలో చివరి ప్రయాణం చేసింది. యానాం శ్రోతలకు దగ్గరలో ఉన్న కాకినాడ కోటిపల్లి మార్గం కథ తిరగేసినట్టు ఉంటుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో దాని పట్టాలు ఊడదీసి తీసుకుపోయారు. 2004లో మళ్ళీ వేశారు. నడుమ రెండు తరాలవాళ్ళు "ఇక్కడ రైలుండేదట" అని చెప్పుకోవడమే గాని చూసింది లేదు.

పెద్ద రైలు రావడం మంచిదే. వేగం పెరిగింది, మధ్యలో బండి మారే అవస్థ తప్పింది. పాతదే బాగుండేదని నేను అనను. కాని పాతది ఎలా ఉండేదో చెప్పగలిగేవాళ్ళు రోజురోజుకూ తగ్గుతున్నారు. బ్రాడ్ గేజు వేసేటప్పుడు చాలాచోట్ల పాత ప్లాట్‌ఫారాలు, నీళ్ళ ట్యాంకులు, సిగ్నలు స్తంభాలు తొలగించారు. ఢిల్లీలో 1977లో తెరిచిన రైలు మ్యూజియంలో, చెన్నైలో పెరంబూరు దగ్గర 2002లో తెరిచినదానిలో పాత ఇంజన్లు, పెట్టెలు చూడవచ్చు. అక్కడ ఇంజను దొరుకుతుంది. ఆ ఇంజను వచ్చి ఆగిన మన ఊరి స్టేషను, దాని పక్క చింతచెట్టు, గేటు దగ్గర సోడాబండి అక్కడ దొరకవు. వాటిని దాచుకోవలసింది ఆ ఊరివాళ్ళే. మహారాష్ట్రలోని శ్రోతలు ఎప్పుడైనా పూణే వెళ్తే కొత్రూడ్‌లో భావూసాహెబ్ జోషీ నెలకొల్పిన బుల్లి రైళ్ళ మ్యూజియం చూసిరండి. 1998నుంచి జనం చూడడానికి తెరిచి ఉంచారు. ఒక మనిషి అభిరుచి ఎంతదాకా పోగలదో అక్కడ కనిపిస్తుంది.

మరి మీ కొత్త ఇంట్లో ఆ పదడుగులు పన్నెండడుగుల గది ఉందనుకుందాం. ఇప్పటిదాకా చెప్పిన చరిత్రను అందులో వాడి చూద్దాం. పెద్ద ఎక్స్‌ప్రెసు కావాలంటే గది చాలదని లెక్క వేశాం. అదే పర్లాకిమిడి చిన్న రైలును ఎంచుకోండి. 762 మిల్లీమీటర్లలో 87వ వంతు దాదాపు 9 మిల్లీమీటర్లు. 160వ వంతు బుల్లి రైళ్ళకోసం తయారయ్యే పట్టాల వెడల్పు కూడా సరిగ్గా అంతే. కాబట్టి ఆ పట్టాలు, ఆ చక్రాలు తెచ్చుకుని, పైన పెట్టెలు మాత్రం మనమే అట్టతోనో రేకుతోనో చేసుకోవచ్చు. పొట్టి పెట్టెలు గనుక పన్నెండంగుళాల వ్యాసార్ధంలో తిరుగుతాయి. పన్నెండుకు నాలుగు కలిపి పదహారు అంగుళాల చదరాలు గీయండి. అదే గదిలో ఇప్పుడు అటు ఏడున్నర, ఇటు తొమ్మిది చదరాలు వస్తాయి. గది పెరగలేదు. రైలును సరిగ్గా ఎంచుకున్నాం.

పన్నెండడుగుల గోడ వెంట నౌపడా పెట్టండి. అసలు కొలతలో అది 300 మీటర్లపైన. చిన్న స్టేషనుకు చాలు. అక్కడ ఒక పక్క పెద్ద లైను ప్లాట్‌ఫారం కొంత ముక్క, ఇవతల చిన్న రైలు. మూటలు దించుకుని ప్రయాణికులు ఈ బండినుంచి ఆ బండికి మారే దృశ్యం ఉంటుంది. ఎదుటి గోడకు పర్లాకిమిడి. నడుమ పొట్టి గోడమీద వరి పొలాలు, వెనక రంగు తెరమీద మహేంద్రగిరి. మిగిలిన గోడ తలుపుకు వదలండి. బల్ల వెడల్పు రెండడుగులు దాటనివ్వకండి. ఎల్లిసన్ చెప్పిన రెండు రంగాలు, ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పిన మనిషి కొలత రెండూ కుదిరాయి. బళ్ళారివైపువాళ్ళు మీటర్ గేజు ఎంచుకుంటే ఇదే కొలతలో పట్టాలు 12 మిల్లీమీటర్లవుతాయి.

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో రాయని సంగతులు కొన్ని మన ఇళ్ళకు ఉన్నాయి. మనకు నేలమాళిగలు లేవు. రైలు గది అంటే సాధారణంగా మేడమీద గదే. మే నెలలో కాంక్రీటు కప్పు కింద అది పొయ్యిలా ఉంటుంది. ఎండకు పట్టాలు సాగుతాయి, వానకాలంలో చెక్క ఉబ్బుతుంది. పట్టాల అతుకుల దగ్గర సన్నని ఖాళీ వదలకపోతే పట్టా విల్లులా వంగుతుంది. కప్పుమీద సున్నం కొట్టించడం, పడమటి కిటికీకి తెర వేయడం మరిచిపోవద్దు. ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయి. సముద్రపు గాలి వచ్చే ఊళ్ళలో పట్టాలను తరచు తుడవాలి. చెక్క కాళ్ళకు చెదలు పట్టకుండా నేల తయారీలోనే మందు పోయించాలి. గోడల పూత, నేల పని, సున్నం అన్నీ పూర్తయ్యాకే మొదటి పట్టా తేవాలి, దుమ్ము ఈ రైలుకు బద్ధశత్రువు. ఈ రైళ్ళు చాలావరకు 12 వోల్టుల కరెంటుతో నడుస్తాయి. దానివల్ల భయం లేదు. గోడలోని కరెంటు సంగతి వేరు. ఎర్తు సరిగ్గా ఉన్న ప్లగ్గులు, గదిమొత్తానికి తలుపు దగ్గర ఒకే స్విచ్చి పెట్టించండి. గది విడిచి వచ్చేటప్పుడు అది కట్టేయండి. జాన్ అలెన్ గది ఏమైందో విన్నారు కదా.

గది మొత్తం ఇవ్వడం కుదరదని ఇంట్లో అంటే కోపం తెచ్చుకోవద్దు. అడుగున్నర వెడల్పు అర రెండు గోడల వెంట వేసుకుంటే, కింద మంచం పడుతుంది, చుట్టాలు పడుకుంటారు. చరిత్రలో పేరు పొందిన రైళ్ళు కూడా చిన్న బల్లలమీదే మొదలయ్యాయి.

చివరగా ఒక్క మనవి. కలప కొనేముందు, పట్టాలు తెప్పించేముందు, ఒక టేపు, ఒక నోటు పుస్తకం తీసుకుని మీ పాత స్టేషనుకు వెళ్ళండి. మిగిలిన గోడ ఉంటే కొలవండి. ఫొటో తీయండి. ఊళ్ళో పాత గ్యాంగుమనో, గేటు కాపలావాడో, రోజూ ఆ రైలెక్కి వెళ్ళిన టీచరమ్మో ఉంటే వాళ్ళ దగ్గర కూర్చోండి. నీళ్ళ ట్యాంకు ఎటువైపు ఉండేది, పెట్టెలకు ఏ రంగు వేసేవారు, ఉదయం బండి ఎన్నింటికి వచ్చేది అని అడగండి. రెండు భాషల్లో ఊరి పేరు రాసిన బోర్డులో ఏ భాష పైన ఉండేదో అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. రాసినదానికి ఒక నకలు తీసి, రైలు గదిలో కాకుండా మరొక ఇంట్లో, ఒక చుట్టం దగ్గరో, ఊరి గ్రంథాలయంలోనో ఉంచండి. అలెన్ కొండలు కాలిపోయినా కాగితాలు బయట ఉండబట్టే ఆయన పని నిలిచింది.

రైలు గది కట్టడానికి మీకు పదేళ్ళు పట్టవచ్చు, అసలు కట్టలేకపోవచ్చు. పట్టాలు ఎప్పుడైనా దొరుకుతాయి. ఆ రైలు నడిపినవాళ్ళు, ఎక్కినవాళ్ళు ఎప్పుడూ ఉండరు. అందుకని గది సంగతి తరువాత చూసుకున్నా, ఆ నోటు పుస్తకం మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టండి.